బడి వదిలాక పిల్లలు ఎటు పోతారు

కబడ్డీ జట్టుకు 12 మంది కావాలి. బరిలో దిగేది ఏడుగురే, మిగతా ఐదుగురు బయట కూర్చుంటారు. మా బడిలో మగపిల్లలు వందకు పైనే. అయినా ఆ 12 మందిని కూడగట్టేసరికి ప్రతి ఏడూ జూన్, జూలై గడిచిపోతాయి. ఆడగలిగే పిల్లలు లేక కాదు. బడి వదిలాక ఒక గంటన్నర తమది అని చెప్పుకోగలిగిన పిల్లలు దొరకరు.

జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను పీఈటీని. క్లాసులో పిల్లలందరూ ఒకే తీరుగా కూర్చుంటారు, అందరికీ ఒకటే యూనిఫాం, ఒకటే మధ్యాహ్న భోజనం. సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర నిలబడి ఎవరు ఎటు పోతున్నారో చూస్తే మాత్రం ఒక్కొక్కరి ఇల్లూ కళ్లకు కడుతుంది. ఒకడు పరుగెత్తేది తల్లి పొద్దంతా చుట్టిన బీడీలను కట్టలు కట్టడానికి. వెయ్యి బీడీలంటే 25 చొప్పున 40 కట్టలు. అవి సంచిలో వేసుకుని చీకటి పడకముందే కార్ఖానాలో అప్పజెప్పి, మరుసటి రోజుకు తునికాకు, తంబాకు తేవాలి. ఇంకొకడు బర్రెల కోసం పోతాడు. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు. మూఢం పోయి పెళ్లిళ్లు మొదలైతే తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోయి, అర్ధరాత్రి దాకా ప్లేట్లు అందించి, పొద్దున బడిలో కునుకుతారు. బాలకార్మిక చట్టం 1986లోనే వచ్చింది, పిల్లలతో చేయించకూడని పనుల్లో బీడీల తయారీ కూడా ఉంది. కానీ ఇంటి గడప లోపల చాట ముందర కూర్చున్న పిల్లవాడిని ఏ అధికారీ లెక్కపెట్టడు. ఆ తల్లిని తప్పుపట్టే ధైర్యం నాకూ లేదు. ఆ కట్టలు తగ్గితే రేపటి కూరలో నూనె తగ్గుతుంది.

పేదరికం అనగానే మనకు ఆకలి, చిరిగిన బట్టలు గుర్తొస్తాయి. మా దగ్గర బియ్యానికి కరువు లేదు, బట్టలూ బాగానే ఉంటాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అర్థమైనది ఏమిటంటే, మగపిల్లవాడి దగ్గర పేదరికం ముందుగా తీసుకునేది సాయంత్రాన్ని. సాయంత్రం పోతే ఆట పోతుంది, ఆటతో పాటు తోటివాళ్లు పోతారు. తన ఇంటివాడు కాకపోయినా తన మంచిచెడ్డలు చూసే ఒక పెద్దమనిషి పరిచయమయ్యే అవకాశం కూడా అక్కడే పోతుంది. నేనైనా, లెక్కల సారైనా, యువజన సంఘం అన్న అయినా పిల్లవాడికి ఏదైనా ఇవ్వాలంటే వాడు ఒక గంట మా దగ్గర నిలబడాలి కదా.

ఇక తండ్రుల సంగతి. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలైన కాలం నుంచి మా కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతం మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోతూనే ఉన్నారు. ఇప్పుడు మా బడి పిల్లల్లో కొందరి ఇళ్లలో తాత గల్ఫ్ పోయి వచ్చినవాడు, తండ్రి అక్కడ ఉన్నవాడు, అన్న పోవడానికి సిద్ధంగా ఉన్నవాడు. ఊరు వదిలి బతకబోవడం తప్పు కాదు. ఇక్కడ మోటరు ఎండిపోయి, మక్కలకు ధర రాక, వీసాకు నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి పోయిన తండ్రి పిల్లల మీద ప్రేమ లేక పోలేదు. ప్రేమ ఉండబట్టే పోయాడు. పిల్లవాడికి ఇది తెలుసు. తెలియడం వల్ల బరువు పెరుగుతుందే గాని తగ్గదు. తన ఫీజు కోసం, తన బూట్ల కోసం బాపు ఎండలో పని చేస్తున్నాడని రోజూ వింటూ పెరిగేవాడు ఒక మ్యాచ్ ఓడినా, ఒక పరీక్ష తప్పినా నేరం చేసినట్టు కుంగిపోతాడు. లేదంటే ఆ మాట వినలేక ఇంటికి దూరంగా తిరుగుతాడు. రెండు రకాల వాళ్లనూ చూశాను.

యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి మా ఊళ్లలో ఫోన్లన్నింటిలో ఇంకో వీడియో కాల్ యాప్ ఉంటుంది. రాత్రి క్యాంపులో వండుకుని తిన్నాక తండ్రి ఫోన్ చేస్తాడు. తెర మీద ఇనుప మంచం, దాని పైన ఇంకో మంచం, వెనకాల ఆరేసిన బట్టలు. "మంచిగ సదువుకుంటున్నవా?" "ఆఁ." "అమ్మను సతాయిస్తలేవు గద?" "లే." అంతే, ఫోన్ తల్లి చేతికి పోతుంది. ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఉమ్మడి సంగతి ఒక్కటీ లేదు. తండ్రి ఏం పని చేస్తాడో కొడుకు చూడలేదు, కొడుకు ఏం ఆడతాడో తండ్రి చూడలేదు.

ఈ చూడకపోవడం చిన్న విషయం కాదు. మా తాతల కాలంలో తండ్రులు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ముచ్చట పెట్టిన దాఖలాలు తక్కువే. కానీ కొడుకు వెనకాలే పొలం పోయేవాడు, మగ్గం గుంటలో దిగేవాడు, కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడు. తండ్రికి కోపం వస్తే పనిముట్టు ఎలా పట్టుకుంటాడో, పని చెడిపోతే ఏం చేస్తాడో, అలసిపోతే ఎక్కడ ఆగుతాడో చూసేవాడు. మనిషి కష్టాన్ని ఎలా మోస్తాడో మాటలతో పనిలేకుండా అర్థమయ్యేది. గల్ఫ్ పోయిన తండ్రి పని కనిపించదు. దాని డబ్బు మాత్రం కనిపిస్తుంది.

ఒక తండ్రి నాలుగేళ్లకు సెలవు మీద వచ్చాడు. కొడుకు ఎనిమిదో తరగతి. ఆ తండ్రి రోజూ సాయంత్రం మా గ్రౌండ్ ప్రహరీ అవతల నిలబడి చూసేవాడు. కొడుకు ఆ వైపు తల తిప్పకుండా ఆడేవాడు. మూడో రోజో నాలుగో రోజో నేనే పిలిచాను. "లోపటికి రా తమ్మీ. టోర్నమెంట్ ఉన్నది, కోర్టు గీతలు మళ్ల గీయాలె. జర చెయ్యి ఆసరా ఇయ్యి" అన్నాను. ఆయన అక్కడ తాపీ పని చేస్తాడట. నేను తాడు పట్టి అందాజుగా గీసే గీతలు చూసి ఊరుకోలేకపోయాడు. రెండు మేకులు, ఒక సుతిల్ తాడు తెప్పించాడు. ఒక మూల నుంచి ఒక పక్క మూడు మీటర్లు, ఇంకో పక్క నాలుగు మీటర్లు కొలిచి, ఆ రెండు చివరల నడుమ సరిగ్గా ఐదు మీటర్లు వచ్చేదాకా మేకు జరిపాడు. "గిప్పుడు మూలమట్టం కరెక్టున్నది సార్. పెద్ద పెద్ద బిల్డింగుల పునాదికి గూడ గిట్లనే జూస్తం" అన్నాడు.

పిల్లలు చుట్టూ మూగారు. పదో తరగతి వాడొకడు "అరే, ఇది పైథాగరస్ గదా" అని అరిచాడు. ఆ తండ్రికి ఆ పేరు తెలియదు, తాడు తెలుసు. నాలుగు మూలలూ పిల్లల చేతనే కొలిపించాడు. తప్పు కొలిచిన వాడిని తిట్టకుండా మళ్లీ కొలవమన్నాడు. అప్పటిదాకా దూరంగా ఉన్న కొడుకు చూనా బకెట్ పట్టుకుని ఆయన వెనకాల నడిచాడు. ఆ సాయంత్రం గీతలు ఆరేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. పోయే ముందు ఆయన నాతో మెల్లగా, "వానికి ఏం కూర ఇష్టమో నాకు తెల్వది సార్. వాళ్లమ్మను అడిగి తెలుసుకున్న" అన్నాడు. చదువు గురించి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తర్వాత సెలవు అయిపోయేదాకా గ్రౌండ్‌లో ఆయనకు ఏదో ఒక పని దొరుకుతూనే ఉండింది. వాలీబాల్ పోల్ పునాది సిమెంటు కూడా ఆయన చేతిదే.

అప్పటి నుంచి సెలవు మీద వచ్చిన తండ్రులెవరైనా కనిపిస్తే గ్రౌండ్‌కు పిలుస్తాను. వెల్డింగ్ తెలిసినవాడు గోల్ పోస్టు అతికిస్తాడు, డ్రైవర్ అయితే మ్యాచ్‌కు ఆటోలో తీసుకుపోతాడు. స్పీచ్ ఇవ్వమని మాత్రం ఎవరినీ అడగను. పిల్లలకు కావలసింది తమ తండ్రి చేతులు పని చేస్తుండగా చూడటం.

వెనక్కి రాని తండ్రులున్నారు. కొందరు వీసా గడువు దాటి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయి, కాగితాలు లేని ‘ఖల్లివల్లి’లు అయి ఎక్కడో దాక్కుని పని చేస్తుంటారు. క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప రాలేరు, 2018లో యూఏఈ అలా ప్రకటించినప్పుడు మా వైపు ఊళ్లకు చాలామంది వచ్చారు. కొందరు పెట్టెలో వస్తారు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి ప్రభుత్వ అంబులెన్స్ ఇంటిదాకా తెస్తుంది. చాలా కాగితాల్లో కారణం గుండెపోటు అని ఉంటుంది. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ప్రమాద మరణాలకే గాని గుండెపోటుకు వర్తించదు. అందుకే మా వాళ్లు ఏళ్ల తరబడి అడిగితే, గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు తెచ్చింది. ఆ డబ్బు అప్పు తీర్చడానికి పోతుంది. అది కూడా అవసరమే, అప్పు తీరితే పిల్లవాడి సాయంత్రం మిగులుతుంది.

దినవారాలు అయ్యాక పిల్లవాడు గుండుతో బడికి వస్తాడు. అప్పటికే ఊళ్లో పెద్దలు, మేనమామలు, చివరికి అంబులెన్స్ డ్రైవర్ కూడా వాడి భుజం మీద చెయ్యి వేసి ఒకే మాట చెప్పి ఉంటారు: "ఇగ ఇంటికి పెద్ద నువ్వే బిడ్డా." ధైర్యం చెప్పాలనే అంటారు. కానీ 13 ఏళ్ల పిల్లవాడికి ఇంతకన్నా అన్యాయమైన మాట ఇంకొకటి నాకు తెలియదు. ఆ రోజు నుంచి వాడు నవ్వడం మానేస్తాడు. చెల్లె మీద అరుస్తాడు, తల్లి ఎక్కడికి పోతుందో అడుగుతాడు, ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుంటాడు. ఇంటికి పెద్ద ఆ తల్లి. బీడీలు చుట్టి, పొలం కౌలుకిచ్చి, చిట్టీ కట్టి ఇల్లు నడిపేది ఆమె. కొడుకును పెద్ద చేసిన ఆ ఒక్క మాటతో ఆమె అధికారమూ పోయింది, వాడి బాల్యమూ పోయింది. అలాంటి ఇళ్లకు పోయినప్పుడు నేను మాట తల్లితోనే మొదలుపెడతాను, పిల్లవాడు వింటుండగా. "అమ్మా, ఇంటి సంగతులు నువ్వు చూసుకో. వీడు ఏడో తరగతి పిల్లగాడు. వీని పని సదువుడు, ఆడుడు" అంటాను. కొన్నిసార్లు ఆ పిల్లవాడి భుజాలు కిందికి దిగడం కనిపిస్తుంది.

అలా వచ్చిన ఒకడికి స్టోర్ రూమ్ తాళం ఇచ్చాను. బంతుల్లో గాలి చూడటం, పంపు కొట్టడం, సాయంత్రం లెక్క చూసి తాళం వేయడం. తండ్రి మాట నేను ఎత్తలేదు. కొన్ని వారాల తర్వాత మండల స్థాయి మ్యాచ్‌లో ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయాం. వాడు కోర్టు పక్కన బోర్లా పడుకుని గట్టిగా ఏడ్చాడు. ఒక మ్యాచ్‌కు ఎవరూ అంతలా ఏడవరు. తోటి పిల్లలు నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరూ ఊరుకోమనలేదు.

తండ్రి దగ్గర లేని పిల్లలు చెడిపోతారని స్టాఫ్‌రూమ్‌లో కూడా అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇద్దరు పిల్లల తండ్రులూ సౌదీలోనే ఉంటారు. ఒకడి ఇంట్లో తాత ఉన్నాడు, నెలనెలా డబ్బు వస్తుంది, సాయంత్రం ఖాళీ. వాడికి ఏ లోటూ కనిపించదు. రెండోవాడి ఇంట్లో తల్లి ఒక్కతే, అప్పు ఉంది, వాడే బీడీ కట్టలు మోయాలి. వాడే క్లాసులో కొట్లాడతాడు. ఇంట్లోనే ఉండి పొద్దున్నే తాగే తండ్రి ఉన్న పిల్లవాడి పరిస్థితి ఈ ఇద్దరికన్నా కష్టం. తండ్రి లేకపోవడం, డబ్బు లేకపోవడం, పలకరించే పెద్దమనిషి లేకపోవడం మూడూ ఒకేచోట కలిసినప్పుడే పిల్లవాడు జారిపోతాడు. మూడింటిలో ఒక్కదాన్ని పూడ్చినా నిలబడతాడు. మొదటి రెండూ నా చేతిలో లేవు.

హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది సమర్థులైన పెద్దవాళ్లయ్యారు. వాళ్ల జీవితాల్లో తమను నిజంగా పట్టించుకున్న పెద్దమనిషి ఒకరు ఉండటం ఆమెకు మళ్లీ మళ్లీ కనిపించింది. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కర్లేదు, అమ్మమ్మో టీచరో ఇరుగుపొరుగో కావచ్చు. దీనికి హవాయి దాకా పోనక్కర్లేదు కూడా. టంగుటూరి ప్రకాశం చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకింది. అల్లరి పిల్లలతో తిరుగుతున్న ఆ కుర్రవాడిని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీసి, తాను రాజమండ్రికి మారినప్పుడు వెంట తీసుకుపోయి చదివించారు. ఆ మాస్టారికి నాటకాల పిచ్చి, ప్రకాశం ఆ నాటకాల్లో వేషాలూ వేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి వెనక ఒక వంటింటి పొయ్యి, ఒక బడి పంతులు ఉన్నారు. నాకు ఇందులో నచ్చేది నాటకం. ఆ మాస్టారు పాఠాలతో సరిపెట్టలేదు, తనకు ఇష్టమైన పనిలోకి పిల్లవాడిని రానిచ్చారు.

మగపిల్లలు ఇలాంటి మనిషి కోసం వెతుకుతూనే ఉంటారు. మంచివాడు దొరక్కపోతే ఆగరు. బెల్ట్ షాపు దగ్గర ఒక అన్న ఉంటాడు. వాడు పిల్లవాడిని పేరు పెట్టి పిలుస్తాడు, బండి ఇస్తాడు, చిన్న పని చెప్పి నమ్ముతాడు, తిన్నావా అని అడుగుతాడు. రాష్ట్రంలో 2017 నుంచి ఆన్‌లైన్ పందేలు నిషేధం, కానీ ఐపీఎల్ వచ్చిందంటే బెట్టింగ్ యాప్ ఎలా తెరవాలో నేర్పేది ఆ అన్నే. వాడు పిల్లవాడికి ఇచ్చేవి చూడండి. సమయం, గుర్తింపు, పని, నమ్మకం. మేము ఇవ్వాల్సినవి కూడా ఇవే. తేడా వాడు ఎటు తీసుకుపోతాడన్నదే. వాడు రోజూ అదే చోట ఉంటాడు, సెలవు పెట్టడు. అందుకే నేను కూడా వేసవి సెలవుల్లో గ్రౌండ్‌కు వస్తాను. ఏదో ఒక రోజు వచ్చి గొప్ప మాటలు చెప్పి పోయే అతిథుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. పిల్లవాడు ఆలస్యంగా వచ్చినప్పుడు గమనించే మనిషి కావాలి. గమనించాలంటే ముందు మనం వచ్చి ఉండాలి.

సాయంత్రాలు దొరకని పిల్లల కోసం ప్రాక్టీసు పొద్దున ఐదున్నరకు మార్చాను. ఆ గంటను ఎవరూ అడగరు. తర్వాత పిల్లలకు ఉడకబెట్టిన శనగలు, బెల్లం ఇస్తాం, పాత విద్యార్థులు డబ్బు పంపిస్తారు. ఒక్క మార్పుతో జట్టులోకి బీడీ ఇళ్ల పిల్లలు వచ్చారు. బర్రెలు కాసే పిల్లవాడి పట్టు ఎలా ఉంటుందో ఎదుటి జట్టుకు అప్పుడు తెలిసింది. అన్ని ఇళ్లకూ ఇది సరిపోలేదు. తొమ్మిదిలో ఒకడు, మా జట్టులో అందరికన్నా వేగంగా కూతకు పోయేవాడు, దసరా తర్వాత హైదరాబాద్‌లో ఏసీలు బిగించే పనికి పోయాడు. ఇల్లు గడవాలి. ఓపెన్ స్కూల్ ద్వారా పది కట్టించాం, పరీక్షలకు వచ్చి పోతుంటాడు.

పది పాస్ కావాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 1983 నాటి వలస చట్టం కింద, పది పాస్ కాని మనిషి పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతిలోకి వస్తుంది. అలాంటివాడు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అది కార్మికుడి రక్షణ కోసం పెట్టిందే. కానీ దొంగ ఏజెంట్లు ఆ అనుమతి తప్పించడానికి విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. దిగాక పని ఉండదు, హక్కూ ఉండదు. పది పాసైనవాడికి ఆ ముద్ర పడదు. కాంట్రాక్టు కాగితం చదవగలిగితే ఇంకా మేలు. చదువు గొప్పతనం గురించి చెబితే తలూపి ఊరుకునే తండ్రులు ఈ మాట చెబితే ఫోన్‌లోనే లేచి కూర్చుంటారు. "మావోడు పది అయితే ఈసీఆర్ పడదా సార్? అయితే ఎట్లనన్న జెయ్యి పాస్ చేయించు" అంటారు. పిల్లలు గల్ఫ్ పోవద్దనే నా కోరిక. పోక తప్పకపోతే మోసపోకుండా పోవాలి.

కొన్నాళ్ల కింద సౌదీ నుంచి ఒక పాత విద్యార్థి ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా జట్టు కూతగాడు. ఇప్పుడు వాడి కొడుకు మా బడిలో ఆరో తరగతి. "సార్, మావోడు నాతోని మాట్లాడుతనే లేడు. ఆఁ, లే అని ఫోన్ పెట్టేస్తడు" అన్నాడు. మార్కులు అడగడం మానెయ్యి అన్నాను. "ఇయ్యాల ఎవన్ని పట్టినవురా అని అడుగు. వాడు మడమ పట్టుకుంటే ఇడువడు, అది నీకు తెల్వదు." తర్వాతి శుక్రవారం తండ్రి అలాగే అడిగాడట. పిల్లవాడు అరగంట మాట్లాడాడట. మడమ పట్టడానికి వచ్చేవాడి పట్టు ఎలా విడిపించుకోవాలో తండ్రి చెబుతాడు, అట్ల కుదరదు బాపూ అని కొడుకు వాదిస్తాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ నన్నే అడుగుతున్నారు. కొడుకు చెప్పేదే సరి అని మొన్న తేల్చాను. తండ్రి ఒప్పుకోలేదు. సెలవు మీద వచ్చాక కోర్టులో చూసుకుందాం అన్నాడు.